మామగారి అద్దాల డెస్క్‌టాప్

ఆ ఎండాకాలం కంప్యూటర్ ముందు కూర్చున్న ప్రతిసారీ నాకు ముందు ఒళ్ళు మండేది, తర్వాతే పని మొదలయ్యేది. నిన్న సాయంత్రం కుడి మూలన ఉన్న ఫోల్డరు ఇవాళ పొద్దుటికి ఎడమవైపు చేరేది, అదీ ఫోల్డరులా కాకుండా నీటిబుడగలా. చెత్తబుట్ట బొమ్మ ఉండాల్సిన చోట గాజు కూజా. తెర మధ్యలో పళ్ళెమంత గడియారం, ఆ గడియారంలోంచి కనిపించే కొండలూ మబ్బులూ. ఏ విండో తెరిచినా దాని వెనక ఇంకో విండో, దాని వెనక మరోటి, అన్నిటికీ వెనక ఆ దిక్కుమాలిన కొండలు. నేను అక్షరాలు టైపు చేసుకు బతికేదాన్ని. తెల్లటి కాగితం, నల్లటి అక్షరం ఉంటే చాలు నాకు. అంతకుమించి ఆ కంప్యూటర్ని నేనెప్పుడూ ఏమీ కోరలేదు.

ఇదంతా మా మామగారి చలవ.

ఆయన నలభై ఏళ్ళు అద్దాలు కోసి బిగించిన మనిషి. షాపుల ముందు నిలువెత్తు అద్దాలు, ఆఫీసుల కౌంటర్లు, మంగలిషాపుల్లో గోడంత అద్దాలు. చలికాలంలో ఆయన చేతికి వణుకు మొదలైంది. ఒక బట్టలషాపులో ఆరడుగుల అద్దం చేతుల్లోంచి జారింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ, మా ఆయన ఆ రోజే వాళ్ళ నాన్న పనిముట్ల సంచీని అటకెక్కించాడు. రెండు నెలలు మామగారు కిటికీ దగ్గర కూర్చుని, ఎదురింటి మేడకి ఎవరో వంకరగా బిగించిన అద్దాల్ని తిట్టుకుంటూ గడిపారు. ఆ తర్వాత ఒకరోజు ఆయన చూపు నా కంప్యూటర్ మీద పడింది.

“అమ్మాయ్, వీటిని విండోలంటారు కదా. విండో అంటే కిటికీయేగా?”

“అవును మామయ్యగారూ.”

“మరి కిటికీకి అద్దమేది? ఇలా తెల్ల తలుపులు మూసి పెట్టారేం?”

నవ్వాను. ఆ రోజు నవ్వకుండా ఉండాల్సింది. దాన్ని ఆయన ప్రోత్సాహమనుకున్నారు.

వారం తిరక్కుండానే వీడియోలు చూసి అన్నీ నేర్చేసుకున్నారు. థీమ్ అంటే తెర మొత్తానికి కట్టే వేషమట, స్కిన్ అంటే ఒక్కొక్క దానికి విడివిడిగా తొడిగే చొక్కా అట. కంప్యూటర్ నాది, పాఠం చెప్పేది ఆయన. ముందు కింద ఉండే టాస్క్‌బార్ అద్దమైపోయింది. తర్వాత పాటలు వినే పెట్టె, తర్వాత క్యాలెండరు, చివరికి కాలిక్యులేటరు కూడా. అంకెల వెనక కొండలు కనిపిస్తుంటే కూడికలెలా చేసుకోవాలో ఆయనే చెప్పాలి.

పోనీ ఎవరో చేసి పెట్టిన థీమ్‌తో ఊరుకున్నారా అంటే, అదీ లేదు. “ఇది అద్దమా? పాల ప్యాకెట్ కవరు” అని పెదవి విరిచేవారు. “అద్దమన్నాక మందం ఉండాలి. అంచు పచ్చగా ఉండాలి. పక్కనుంచి చూస్తే తెలియాలి అది అద్దమని. వీళ్ళెవరూ జన్మలో ఒక్క పలక కూడా చేత్తో పట్టుకున్నట్టు లేరు.”

అందుకని సొంతంగా తయారుచేయడం మొదలుపెట్టారు. చెయ్యి వణికితే తెరమీద బాణం గుర్తు కూడా వణికేది. మౌస్ పక్కన పెట్టేసి, బాణం గుర్తుల మీటలు ఒక్కొక్కటే నొక్కుతూ, వెంట్రుకవాసి చొప్పున గీత జరుపుకుంటూ, ఒక్క అంచు కోసం మూడు రోజులు కూర్చున్నారు. అన్నం తినడానికి పిలిస్తే పలికేవారు కాదు. అలా కూర్చున్నప్పుడు ఆయన మొహం పాతరోజుల్లోలా ఉండేదని నేను గమనించాను. గమనించినంత మాత్రాన నా ఒళ్ళుమంట తగ్గలేదు.

“అద్దం వెనకది ముప్పై శాతం కనిపించేలా పెట్టాను అమ్మాయ్. ఇరవై అయితే మరీ మసక. నలభై అయితే అసలు అద్దమున్నట్టే తెలీదు, పక్షులొచ్చి కొట్టుకుంటాయి.”

“కంప్యూటర్లోకి పక్షులెందుకొస్తాయి మామయ్యగారూ?”

“మాటవరసకి అన్నాలే. ఎలా ఉంది చెప్పు.”

“బాగుంది మామయ్యగారూ.”

అలా అనేసి వంటింట్లోకెళ్ళి గిన్నెలు ఠంగుమని పడేసేదాన్ని. పెళ్ళయి పదహారేళ్ళు. ఆ ఇంట్లో నేను మామగారితో ‘సరే’ అనీ, ‘బాగుంది’ అనీ తప్ప మరో మాట అన్నది లేదు. చెప్పాల్సినవన్నీ గిన్నెలతో చెప్పుకునేదాన్ని.

అదే వేసవిలో నాకు జీవితంలో ఒక్కసారి వచ్చే అవకాశం వచ్చింది. నేను పదకొండేళ్ళుగా ఇంట్లోనే టైపు పని చేస్తున్నాను. నర్సుల శిక్షణ కాలేజీ పరీక్షల విభాగం వాళ్ళు తమ జాబితాలూ మార్కుల పట్టికలూ నాకే ఇచ్చేవారు. అక్కడ సూపరింటెండెంటు మేడమ్ తక్కువ మాట్లాడే మనిషి. ఒక అచ్చుతప్పు కనిపిస్తే ఆ రోజంతా మొహం మాడ్చుకుని ఉండేది. ఆవిడ మార్చి చివర్లో నన్ను పిలిచి, తలుపు వేసి, కూర్చోమంది.

“మా టైపిస్టు రిటైరయింది. ఆ పోస్టు నింపాలి. ఈసారి ప్రవేశపరీక్ష ప్రశ్నపత్రం మీ చేత చేయిస్తాను. మచ్చ లేకుండా చేసివ్వండి. ఆ పోస్టుకి మీ పేరే పంపుతాను.”

అప్పటికి నాకు నలభై మూడు నిండాయి. ఆ ఉద్యోగానికి వయసు హద్దు నలభై నాలుగు. ఈ ఏడాది తప్పితే మళ్ళీ అడిగే హక్కు కూడా ఉండదు.

“ఇక్కడ కరెంటు పనుల కోసం గోడలు తవ్వేశారు. గదుల నిండా కూలీలే” అంది మేడమ్. “అందుకని ఇంటికిస్తున్నాను, నా పూచీ మీద. పని చేసేటప్పుడు ఇంటర్నెట్ వైరు పీకెయ్యాలి. తలుపు వేసుకోవాలి. ఏం టైపు చేస్తున్నారో ఎవరికీ చెప్పకూడదు. మీ ఇంట్లోవాళ్ళకి కూడా.” ఒక కాగితం ముందుకు జరిపింది. సంతకం పెట్టాను.

ఇంట్లో జాబితాలని చెప్పాను. ఎప్పుడూ చేసేవే కదా, ఎవరూ మారు అడగలేదు. కాకపోతే ఎండ మండిపోతుంటే నేను తలుపెందుకు వేసుకుంటున్నానో మా ఆయనకి అర్థం కాలేదు. మామగారికైతే తన కుర్చీ తనకెప్పుడు దొరుకుతుందా అన్నదే బెంగ. గుమ్మం బయట అటూ ఇటూ నడుస్తూ, అయిదు నిమిషాలకోసారి గొంతు సవరించుకునేవారు.

“అయిందా అమ్మాయ్?”

“ఇంకా లేదు మామయ్యగారూ.”

“జాబితాలేగా. కాస్త ఆగి చేసుకోకూడదూ? నా గడియారం ముల్లుకి నీడ పెట్టాలి.”

అప్పుడు నేను మానవశరీరంలో కాలేయం ఉండే చోటు గురించిన ప్రశ్న టైపు చేస్తున్నాను. అందులో నాలుగు జవాబులు, నాలుగింటి వెనకా ఆ కొండలు. పళ్ళు కొరుక్కుని చేసుకుపోయాను. థీమ్ తీసేయండని ఒక్కమాట అంటే సరిపోయేది. అనలేదు. అంటే చిన్నబుచ్చుకుంటారు, చిన్నబుచ్చుకుంటే అన్నం మానేస్తారు, మానేస్తే మా ఆయన నన్నంటాడు. ఇన్ని మెట్లు దిగి ఆ గొడవలో పడేకంటే కొండల మీద టైపు చేయడమే సులువనిపించింది.

చివరి రోజున, ఇంకో రెండు పేజీలు ఉన్నాయనగా, ఉన్నట్టుండి వాన కురిసింది. మేడ మీద ఇంటిల్లిపాది బట్టలూ ఉన్నాయి. వైరు పీకే ఉంది. ఎవరైనా వస్తే, ఉన్న పని మీదకి ఇంకో విండో లాగి కప్పేయడం పదకొండేళ్ళుగా నాకు అలవాటు. క్యాలెండరుని లాగి ప్రశ్నపత్రం మీద వేసి, మెట్లెక్కి పరిగెత్తాను. క్యాలెండరు కూడా అద్దమేనన్న సంగతి ఆ హడావుడిలో నా బుర్రకి తట్టలేదు. కప్పానన్న ధీమాతో వెళ్ళాను.

మేడ మీద అప్పటికే, కింద వాటాలో ఉండే టైలరు కూతురు తన పుస్తకం పొట్ట దగ్గర దాచుకుని, ఇంకో చేత్తో మా దుప్పటి లాగుతోంది. ఆ పిల్ల కూడా ఆ పరీక్షే రాస్తోంది. దుప్పటి చెరో కొస పట్టుకుని మడతపెట్టి దిగేసరికి పావుగంటయింది.

గదిలో మామగారు తెర ముందు కూర్చుని ముసిముసిగా నవ్వుకుంటున్నారు.

“కాస్త జరగండి మామయ్యగారూ.”

“ఎంత బాగుందో చూడు” అంటూ లేచారు. నేను చూడలేదు. వైరు వంక చూశాను. పీకింది పీకినట్టే ఉంది. హమ్మయ్య అనుకుని మిగిలిన రెండు పేజీలూ పూర్తి చేసి, డిస్కులో ఎక్కించి, కంప్యూటర్లో ఫైలు ఆనవాలు లేకుండా చెరిపేసి, మర్నాడు మేడమ్ చేతిలో పెట్టాను. ఆవిడ అక్కడే కూర్చుని వంద ప్రశ్నలూ చదివింది. ఒక్క తప్పు కూడా దొరకలేదు. “పరీక్ష అయిపోగానే మీ పేరు పైకి వెళ్తుంది” అంది. ఇంటికొస్తూ దారిలో ఆఫీసుకి వేసుకెళ్ళడానికి పనికొచ్చే చెప్పుల జత ఒకటి చూసి పెట్టుకున్నాను.

పరీక్షకి ఇంకా ఎనిమిది రోజులున్నాయనగా, శనివారం సాయంత్రం, మామగారు మా ఇద్దర్నీ కంప్యూటర్ దగ్గరికి పిలిచారు. మా ఆయన మందులషాపు నుంచి అప్పుడే వచ్చి టీ తాగుతున్నాడు.

“నాలుగొందల పన్నెండు మంది” అన్నారు మామగారు.

“ఏమిటి నాన్నా?”

“నా థీమ్ దించుకున్నారు. ఇలాంటివి చేసేవాళ్ళందరికీ ఓ ఫోరం ఉంది. అందులో పెట్టాను. చూడండి, అంచు పచ్చదనం గురించి ఎంతమంది రాశారో.”

థీమ్‌తో పాటు తెర ఎలా కనిపిస్తుందో ఒక ఫోటో కూడా పెట్టాలట, స్క్రీన్‌షాట్ అంటారు. ఆ ఫోటోని తెర నిండుగా చేసి చూపించారు. గాజు గడియారం, గాజు కూజా, గాజు క్యాలెండరు. క్యాలెండరులో ఆదివారాల వెనక ఏవో అక్షరాలు. దగ్గరికి వంగి చూశాను. డెబ్భై ఒకటో ప్రశ్న. దాని కింద డెబ్భై రెండు. డెబ్భై ఎనిమిది దాకా చక్కగా, పొల్లు పోకుండా చదువుకోవచ్చు.

నేను టైపు చేసిన ప్రశ్నపత్రమే.

“వెనక ఆ గుండ్రటి అక్షరాలేమిటి, ఎంత బాగున్నాయో అని ఒకాయన అడిగాడు కూడా” అన్నారు మామగారు, ఉత్సాహంగా. “మా కోడలు చేసిన పని అని రాశాను. అక్షరం దిద్దడంలో ఆమె తర్వాతే ఎవరైనా అని.”

“తీసేయండి” అన్నాను.

“దేన్ని?”

“ఫోటో తీసేయండి మామయ్యగారూ. ఇప్పుడే.”

నా గొంతు విని మా ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. మామగారు మారు మాట్లాడకుండా తీసేశారు. తీసేశాక, మెల్లిగా, “ఇక్కణ్ణుంచి పోయింది గానీ, థీమ్‌తో పాటు ఫోటో కూడా వెళ్తుంది అమ్మాయ్. ఆ నాలుగొందల పన్నెండు మంది దగ్గర ఉంటుంది. ఏమిటది?” అన్నారు.

చెప్పాను. ఇంక దాచడానికేముంది. అది జాబితా కాదని, ప్రశ్నపత్రమని, ఆ ఉద్యోగం సంగతి, సంతకం సంగతి, అన్నీ గుక్కతిప్పుకోకుండా చెప్పేశాను. మా ఆయనే ముందు, రెండు నిమిషాల్లో తేరుకున్నాడు.

“వాళ్ళలో మన భాష చదివేవాళ్ళు ఎంతమందుంటారు? ఉన్నా, గడియారాలు చూసుకునేవాళ్ళకి నర్సు పరీక్షతో ఏం పని? నోరు మూసుకుని ఎనిమిది రోజులుంటే అదే సద్దుమణుగుతుంది.”

“ఒక్కరు చదివినా?”

“నీకు ఉద్యోగం కావాలా వద్దా?”

కావాలి. అందుకే నోరు మూసుకున్నాను. ఈ మాట ఒప్పుకోవడానికి నాకిప్పుడు సిగ్గుగానే ఉంది గానీ, ఆ రోజు నేను నిర్ణయించుకున్నది అదే. ఆదివారమంతా ఎవరి మీద పడితే వాళ్ళ మీద విసుక్కున్నాను. మామగారి మీద కోపం, ఫోటో తీసినందుకు. మా ఆయన మీద కోపం, అంత తేలిగ్గా తీసుకున్నందుకు. నా మీద నాకు ఇంకా ఎక్కువ, అద్దంతో కప్పి వెళ్ళినందుకు. సోమవారం పొద్దున మెట్ల మీద టైలరు కూతురు ఎదురైంది. కళ్ళు మూసుకుని, వేళ్ళు మడుస్తూ, ఎముకల పేర్లు వల్లె వేసుకుంటోంది. నన్ను చూసి పక్కకి తప్పుకుని దారిచ్చింది. ఆ పిల్ల మొహంలోకి చూడలేక, తలవంచుకుని దిగిపోయాను.

మంగళవారం మామగారు పొద్దున్నే గడ్డం చేసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని బయటికెళ్ళారు. చేతిలో ఒక కవరుంది. షికారుకనుకున్నాను. పదకొండింటికి ఫోన్ మోగింది.

“మీరొకసారి ఆఫీసుకి రండి” అంది సూపరింటెండెంటు మేడమ్. “మీ మామగారు ఇక్కడ కూర్చున్నారు.”

నేను ఏ చీరలో ఉన్నానో ఆ చీరలోనే బస్సెక్కాను.

ఆవిడ గదిలో ఒక వైపు గోడ ఇంకా తవ్వి ఉంది. మామగారు చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, బడిలో పిల్లాడిలా కుర్చీ అంచున కూర్చున్నారు. బల్ల మీద ఆ ఫోటో. కాగితం మీద, పెద్దగా, రంగుల్లో.

“ఇది ఎక్కడ ప్రింటు తీయించారని అడిగాను” అంది మేడమ్ నాతో. “మా గేటు పక్క జిరాక్సు షాపులోనట.”

“చూపించకపోతే మీరెలా నమ్ముతారని” అన్నారు మామగారు.

నేను నుదురు పట్టుకున్నాను. దొంగని పట్టివ్వడానికొచ్చిన మనిషి దారిలో నలుగురికీ సొత్తు చూపించి మరీ తెచ్చాడు. ఆయనకి అందులో తప్పేం కనిపించలేదు. పరీక్షకి పేరిచ్చిన ఆడపిల్లలు దరఖాస్తులు జిరాక్సు తీయించుకునే షాపు అదే.

“కూర్చోండి” అంది మేడమ్. “రెండో సెట్టు ప్రశ్నలు ఎప్పుడూ మా బీరువాలో ఉంటాయి. పరీక్ష దాంతో జరుగుతుంది, పిల్లలకేం నష్టం లేదు. నేను పైవాళ్ళకి సంజాయిషీ రాసుకోవాలి. ఇంటికిచ్చింది నేను కాబట్టి ఆ తిట్లు నేను తింటాను. అది వేరే సంగతి.” ముందున్న కాగితం తనవైపు తిప్పుకుంది. సగం నింపిన ఫారం. “మీ మామగారు జరిగిందంతా చెప్పారు. మీరు బట్టల కోసం వెళ్ళినప్పుడు మీకు తెలియకుండా ఆయన ఫోటో తీశారని. అది ప్రశ్నపత్రమని ఆయనకి నిన్ననే తట్టిందని. మీకు ఇంతవరకూ ఏమీ తెలియదని.”

“తెలీదు” అన్నారు మామగారు. “ఆమెకి ఏమాత్రం తెలీదు. నేనింకా చెప్పలేదు. ఫోన్ చేసి మీరు పిలిచారు కాబట్టి వచ్చింది గానీ, ఆమెకి తెలీదు.”

“మూడోసారి చెప్తున్నారండీ మీరు” అంది మేడమ్.

ఆయన పైన ఫ్యాను వంక చూస్తూ కూర్చున్నారు. మెడ మీద చెమట. ఆయన అబద్ధం చెప్పగా నేను ఎప్పుడూ వినలేదు. ఇంట్లో ఆయన చేత చిన్న అబద్ధం కూడా ఆడించలేక చచ్చేవాళ్ళం. ఇష్టంలేని చుట్టం ఫోన్ చేస్తే, ఇంట్లో లేమని చెప్పమంటే, ‘లేమని చెప్పమంటున్నారు’ అని చెప్పేసేవారు. అలాంటి మనిషి పొద్దున్నే గడ్డం గీసుకుని, బస్సెక్కి వచ్చి, నా కోసం ఆ ఒక్క అబద్ధాన్ని గట్టిగా పట్టుకుని కూర్చున్నారు.

మేడమ్ పెన్ను మూత తీసింది. ఫారంలో అప్పటికే రాసి ఉన్న గడి తలకిందులుగా నాకు కనిపిస్తోంది. ‘టైపు చేసినవారికి విషయం తెలియదు.’ దాని కింద తేదీ కోసం ఖాళీ.

“మీకు ఎప్పుడు తెలిసింది?” అని అడిగింది.

ఇప్పుడే అంటే చాలు. ఇప్పుడే, ఇక్కడే, మీరు చెప్తేనే అంటే, నేను ఏ పాపం ఎరగని మనిషిని. నా పేరు పైకి వెళ్తుంది. ఆయన కష్టపడి తెచ్చి నా చేతిలో పెట్టింది అదే.

“శనివారం సాయంత్రం తెలిసింది మేడమ్” అన్నాను.

ఎందుకన్నానో ఈ రోజుకీ సరిగ్గా చెప్పలేను. మంచితనం పొంగి కాదు. మంచితనమే ఉంటే శనివారమే వచ్చేదాన్ని. ఆ అబద్ధం మోస్తూ ఆయన ఒక్కరూ ఆ కుర్చీలో అలా కూర్చోవడం నేను చూడలేకపోయాను, అంతే.

మేడమ్ ఆ రాసిన వాక్యం మీద ఒక అడ్డగీత గీసి, పక్కన సంతకం చేసింది.

“తెలిసిన రోజే చెప్పి ఉంటే ఇది పొరపాటు అయ్యేది. మూడు రోజులు ఆగారు కాబట్టి దాచడమైంది. మీ పేరు పంపలేనమ్మా.”

“తెలుసు మేడమ్.”

“అచ్చుతప్పు ఒక్కటి కూడా లేదు” అంది ఆవిడ, ఎవరి మీదో కోపంగా. “వందలో ఒక్కటి కూడా.”

బయటికొచ్చాక ఇద్దరం బస్సు కోసం నిలబడ్డాం. మామగారు నాకు నాలుగడుగుల దూరంలో, వేరే బస్సు కోసం వచ్చినవాడిలా నిలబడ్డారు. బస్సొచ్చాక పక్కపక్కనే సీటు దొరికింది. కూర్చున్నాక కూడా మొహం తిప్పుకునే ఉన్నారు. రెండు స్టాపులు దాటాక మొదలుపెట్టారు.

“మూడుసార్లు చెప్పాను ఆవిడకి. రాసుకుంది కూడా. కళ్ళారా చూశావుగా?”

“చూశాను.”

“మరెందుకు తెరిచావు నోరు? నా బతుకులో అబద్ధమాడితే ఎవరైనా నమ్మారా? ఆవిడ నమ్మింది. రాత్రంతా అద్దం ముందు నిలబడి చెప్పుకుంటే అంత బాగా కుదిరింది. ఒక్క మాటతో సర్వనాశనం చేశావు. ఇంక నీలాంటి దానికి ఎవరు సాయం చేస్తారు?”

అప్పుడు తెగింది. ఎక్కడ తెగిందో నాకే తెలీదు.

“మిమ్మల్నెవరు వెళ్ళమన్నారు? ఎవర్ని అడిగి వెళ్ళారు? నా ఉద్యోగం, నా సంతకం, మీరెవరు వెళ్ళడానికి? ఎవర్ని అడిగి తీశారా ఫోటో? నా కంప్యూటర్ అది. పదకొండేళ్ళు నేను కూర్చున్న కుర్చీ. పొద్దున్న లేచేసరికి ఒక్క వస్తువు ఉన్నచోట ఉండదు. ఆ కూజా ఎవడడిగాడు? ఆ గడియారం నా నెత్తిన ఎవడు పెట్టమన్నాడు? గోడకి గడియారం లేదా? ఆ కొండల మీద టైపు చేసీ చేసీ నా కళ్ళు వాచిపోయాయి. బాగుంది బాగుంది అని అన్నానంటే నిజంగా బాగుండి అన్నాననుకున్నారా?”

ముందు సీట్లో వాళ్ళు వెనక్కి తిరిగారు. కండక్టరు మా వైపు రాబోయి ఆగిపోయాడు. నేను ఆగలేదు. స్నానాల గదిలో బకెట్టు బోర్లించకపోవడం దగ్గర్నుంచి, నా పెళ్ళైన కొత్తలో నేను చేసిన టీని మొక్కకి పోయడం దాకా, పదహారేళ్ళవీ ఏకరువు పెట్టాను. ‘మామయ్యగారూ’ అన్న పిలుపు ఎక్కడో దారిలో జారిపోయింది.

ఆయన అడ్డు చెప్పలేదు. తల నా వైపు తిప్పి, ఆసాంతం విన్నారు. నాకు ఊపిరందక ఆగినప్పుడు, “ఇంకా ఉన్నాయా?” అని అడిగారు.

“ఉన్నాయి.”

“ఇన్నేళ్ళు ఎక్కడ పెట్టుకున్నావు ఇవన్నీ?”

కొంగుతో మొహం తుడుచుకున్నాను.

“ఆ కొండలు బాలేదని ఒక్కరోజు అనుంటే, ఆ రోజే పీకేసేవాణ్ణి” అన్నారు. కోపమేమీ లేదు ఆ గొంతులో. “పోనీ, అది పోయింది. ఆ కాగితం రహస్యమని ఒక్క ముక్క నా చెవిన వేస్తే, నేను గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కాపలా కూర్చునేవాణ్ణి కదే. వాన కురిసినా, బట్టలు కొట్టుకుపోయినా, చీమని లోపలికి పోనిచ్చేవాణ్ణి కాదు.”

“ఎవరికీ చెప్పనని సంతకం పెట్టాను మామయ్యగారూ.”

“ఎవరికీ అంటే,” అని ఆగారు. మోకాలి మీద చెయ్యి వణుకుతుంటే రెండో చేత్తో పట్టుకున్నారు. “నేను కూడానా?”

ఉద్యోగం పోయిందని ఆఫీసులో రాని ఏడుపు అప్పుడొచ్చింది నాకు. అంతమందిలో, ఆపుకుందామన్నా ఆగకుండా వచ్చింది. మా స్టాపు వచ్చింది. ఆయన లేవలేదు, నన్ను లేవమనలేదు. బస్సు ముందుకెళ్ళింది.